పాలు పొంగించిన సుమంగళి

తిరుత్తణిలో నిలువనీడ లేని ఆడవాళ్ళకూ వాళ్ళ పిల్లలకూ కట్టిన ఇంటికి ఈ రోజు గృహప్రవేశం. కర్టెన్లు కుట్టింది నేనే కాబట్టి నన్నూ పిలిచారు. భర్త చనిపోయాక ఇద్దరు బిడ్డలతో బస్టాండులో పడుకున్న మునెమ్మ, తలస్నానం చేసి పాలగిన్నె పట్టుకుని అందరికన్నా ముందు వంటగదిలోకి నడిచింది.

ఇంటి కమిటీ పెద్దమనిషి అడ్డం వచ్చాడు. “నువ్వు పక్కన నిలబడమ్మా. పాలు సుమంగళి కాచాల. తప్పుగా ఎత్తుకోవద్దు.”

“ఈడ ఉండబోయేది నేను గదన్నా?”

“ఉండేది నువ్వేమ్మా. మంచిపనికి మాత్రం సుమంగళి ఉంటే బాగుంటాది.”

ఈ ఇంటికి వచ్చినవాళ్ళంతా మొగుడు పోయినవాళ్ళో, మొగుడు తరిమేసినవాళ్ళో. ఆ సంగతి తెలిసి కూడా, డబ్బిచ్చి ఇల్లు కట్టించిన మహానుభావుడు తన భార్యను పిలిచాడు. ఆమె పట్టుచీర సర్దుకుని, సెల్‌ఫోన్ల వైపు నవ్వుతూ పొయ్యి వెలిగించింది. పాలు పొంగి పొయ్యి గట్టంతా కారాయి. అందరూ చప్పట్లు కొట్టి టిఫిన్‌కు వెళ్ళిపోయారు.

గట్టు తుడవడానికి మాత్రం “మునెమ్మా!” అని కేక వేశారు.

తుడవడానికి పనికొచ్చిన చెయ్యి వెలిగించడానికి ఎందుకు పనికిరాలేదో మీకు తెలిస్తే చెప్పండి. నేనూ సుమంగళినే, నాకైతే తెలియలేదు.