సాంచల మోతలో మెక్సికో పాఠం

మా అమ్మ ఒక పదిహేనేళ్ల పిల్లతో పది నిమిషాలు మాట్లాడిందని నేను కుళ్లుకున్నాను. నా వయసు ఇరవై ఆరు. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత మీరు జాలిపడే ప్రమాదం ఉండదు.

మరాఠీ గడ్డ మీద మా తెలుగువాళ్లుండే జోడ్‌భావి పేట్‌లో, మరమగ్గాల షెడ్డు మీది గదిలో ఆదివారాలు నేను స్పానిష్ చెబుతాను. తువ్వాళ్లు ఎగుమతి చేసే ఆఫీసుల్లో ఆ భాష వస్తే ఉద్యోగం దొరుకుతుందని ఎవరో అన్నారు. ఆ ఎవరో నేనే. పన్నెండుమంది హైస్కూలు పిల్లలు నమ్మారు. అమ్మ నమ్మలేదు. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో బీడీలు చుట్టి నన్ను చదివించిన మనిషి; నేను చేసేది అసలు పనేనా అని ఆమెకు ఇంకా అనుమానం. ఒక్కసారి వచ్చి వినమని బతిమాలాను.

"వస్త గని చాట తెచ్చుకుంట. ఉత్తగ కూసోని ఏం జెయ్యాలె" అంది. ఆకులు, తంబాకు, కత్తెర ముందేసుకుని వెనక గోడకు ఆనుకుంది.

ఆమె కోసమే ఒక మంచి పాఠం దాచి ఉంచాను. మెక్సికోను మార్చిన ఒక సంస్కర్త కథ. తల్లీతండ్రీ లేరు, గొర్రెలు కాశాడు, పన్నెండేళ్లు వచ్చేదాకా స్పానిష్ ముక్క రాదు, ఇంట్లో వేరే భాష. చట్టం ముందు చర్చి పెద్దలకూ ప్రత్యేక హక్కు లేదన్నాడు, చివరికి ఆ దేశానికే అధ్యక్షుడయ్యాడు. ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ మాట్లాడే మా పిల్లలకు ఇంతకన్నా దగ్గరివాడు ఎక్కడ దొరుకుతాడు? అమ్మకు కళ్లు చెమర్చాల్సిన చోటు కూడా నోట్సులో గుర్తు పెట్టుకున్నాను.

సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి కింద మగ్గాలు, మావాళ్ల మాటలో సాంచలు, మొదలయ్యాయి. ఆదివారం సెలవే, కానీ ఏదో తొందర ఆర్డరట. గొంతు చించుకున్నాను. ఆ పిల్లాడి తల్లిదండ్రులను రెండుసార్లు చంపాను. ఎవరికీ వినపడలేదు.

అప్పుడు ముందు వరసలోని పిల్ల లేచింది. వాళ్ల నాన్న కిందే మగ్గాలు నడుపుతాడు. ఆ మోతలో గొంతు పనికిరాదు కాబట్టి షెడ్డువాళ్లు పెదవులు పెద్దగా కదిలిస్తూ, చేతులు తిప్పుతూ మాట్లాడుకుంటారు. నా చేతిలోంచి నోట్సు తీసుకుని ఆ పిల్ల కథంతా అలాగే చెప్పింది. గొర్రెలు వచ్చాయి. అనాథ పిల్లాడు పట్నం దాకా నడిచాడు. పిల్లలు నవ్వారు, చేతులతోనే ప్రశ్నలు వేశారు. నా క్లాసులో ప్రశ్నలు రావడం అదే మొదలు.

వెనక్కి చూస్తే అమ్మ కత్తెర కింద పెట్టేసింది. రెండు చేతులూ ఎత్తి ఏదో అడుగుతోంది. పెళ్లికి ముందు షెడ్డులో కండెలు చుట్టేదని తెలుసు. ఈ చేతుల మాట వచ్చని నాకెప్పుడూ చెప్పలేదు. పిల్ల జవాబిచ్చింది. అమ్మ మళ్లీ అడిగింది. నాలుగు భాషలు వచ్చిన నేను చాక్‌పీసు పట్టుకుని వాళ్ల మధ్య నిలబడ్డాను. అడ్డం జరగమని అమ్మ సైగ చేసింది. అదొక్కటీ అర్థమైంది.

ఇంటికి వెళ్తూ ఉండబట్టలేక అడిగాను.

"ఏం అడిగినవే ఆ పిల్లను?"

"గొర్లను ఎవలకు అప్పజెప్పి పోయిండని."

"అది పాఠంల లేదమ్మా."

"ఆమె జెప్పింది గద."

"ఏమని?"

"నువ్వు గూడ ఆన్నే ఉన్నవ్ కదరా."

ఆ వారమంతా షెడ్డు సేఠ్ వెంటపడి, వచ్చే ఆదివారం ఒక గంట మగ్గాలు ఆపేలా ఒప్పించాను. గొర్రెల కాపరి అధ్యక్షుడయ్యాక జరిగిన కథ నా గొంతుతో నేనే చెప్పాలి. శనివారం అమ్మకు ఆ మాట చెప్పి, మళ్లీ రమ్మన్నాను.

"సాంచలు బంద్ ఉంటయా?" అంది.

"ఉంటయి. చీమ చిటుక్కుమన్నా ఇనస్తది."

అమ్మ బీడీకి దారం చుట్టి, చాటలో వేసి, ఇంకో ఆకు తీసుకుంది.

"అయితే నేనెందుకురా. సాంచలు నడిసేనాడు చెప్పు, వస్త."