ఏనుగుల వంతెనకు మూడు భాషల బోర్డు

రైలు పట్టాలను ఏనుగులు క్షేమంగా దాటేలా ఒక వంతెన నమూనా చేయమని మా తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాను. డిజైన్ అంటే వాడేవాళ్ళ కళ్ళతో చూడటమని ఒక పీరియడంతా ఊదరగొట్టాను కూడా. తీరా వాళ్ళు కట్టింది స్టేషన్లో ప్లాట్‌ఫారాలు దాటే వంతెన. మెట్లు, పసుపు రంగు రెయిలింగు, పైన రేకుల కప్పు. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో పుట్టిన పిల్లలకు వంతెనంటే అదే. వాళ్ళననడం దేనికి, నేనూ అక్కడ పుట్టినవాణ్ణే. ఇటుకలు పేర్చి బలం పరీక్షించి, శభాష్ అని, 'ఏనుగులకు మాత్రమే' అంటూ బెంగాలీ, హిందీ, ఇంగ్లీషుల్లో బోర్డు కూడా పెట్టించాను.

ఫోటో చూసి మా ఆవిడ చాలాసేపు నవ్వింది. "ఏనుగు సదువుకుందేటి? మెట్లెలాగెక్కుతాది?" అంది. మర్నాడే మెట్లు తీయించి మట్టి వాలు పోయించాను, గడ్డి పరిపించాను, పైన మట్టితో చేసిన తల్లి ఏనుగునూ గున్ననూ నిలబెట్టించాను. బోర్డు మాత్రం నా పరువు కోసం ఉంచాను.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయికి మార్కుల ధ్యాస లేదు. వాళ్ళ నాన్న గూడ్సు బండి డ్రైవరు. సాల చెట్ల అడవిలో ఆయన బండి కింద పడి ఒక గున్న ఏనుగు చనిపోయింది. అప్పట్నుంచి డ్యూటీకి వెళ్తున్నాడు, వస్తున్నాడు, ఇంట్లో మాత్రం నోరు విప్పడం లేదు. మా నాన్న ఇది చూడాలి సార్ అని ఆ పిల్ల రోజూ అనేది.

బడిలో నమూనాల ప్రదర్శన రోజు ఆయన వచ్చాడు. నాకు మైకు లేకపోయినా ఉపన్యాసం ఆగదు. వంతెన లేకపోతే ఏమవుతుందో ముందు చూపిస్తానంటూ, అందరికీ చేసినట్టే మట్టి గున్నను పట్టాల మీద పెట్టి బొమ్మ రైలు స్విచ్చి నొక్కాను. నొక్కాక గుర్తొచ్చింది, ఎదురుగా ఉన్నది ఎవరో. ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఆపుదామని నేను స్విచ్చి కోసం తడుముకుంటున్నాను.

ఆయన వంగి రైలుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. చక్రాలు అక్కడే తిరుగుతున్నాయి.

"హారన్ కొట్టినాను, బ్రేకులేసినాను. బండి ఆగనేదమ్మా," అన్నాడు కూతురితో.

ఇంట్లో ఎన్నడూ అనని మాట. రెండో చేత్తో గున్నను తీసి వంతెన మీద తల్లి ఏనుగు పక్కన నిలబెట్టాడు. నాకు సిగ్గూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఇప్పుడు వదలొచ్చా?" అని అడిగాడు, నన్ను కాదు, కూతుర్ని.

ఆ పిల్ల తలూపింది. ఆయన చెయ్యి తీశాడు. రైలు వంతెన కింద నుంచి వెళ్ళిపోయింది.