ముందు మా బండికే వచ్చింది

ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఖతార్ వదిలి వచ్చేశాక చాలా మర్చిపోయాను కానీ, అది మాత్రం పోలేదు.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వస్తోందని ఊరంతా తవ్వి పోసిన రోజులవి. నిన్న వెళ్ళిన దారి ఇవాళ ఉండేది కాదు. అల్ ఘర్రాఫాలో నేను వంట చేసే ఇంట్లో మా మేడం, గోడ అవతల విల్లాలో ఆవిడ అక్క. ఇద్దరూ ఒకే రోజు ఒకే రకం తెల్ల కరెంటు కార్లు కొన్నారు. అక్క కొన్నది చెల్లి కొనకపోతే ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. పొద్దున్నే ఫోన్లో ఇద్దరూ అన్నీ పోల్చుకునేవారు. నీ ఇంట్లో ఏం వండారు, నీ కర్టెన్లు ఎంతవరకు కుట్టారు, నీ బండి ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోంది.

మా ఇంటి డ్రైవర్ జగిత్యాల వైపు మనిషి. నలభై దాటినా నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. వాళ్ళ ఊళ్ళో అందరూ అతను దుబాయ్‌లో ఉన్నాడనే అనుకునేవారట. దిద్ది దిద్ది విసుగొచ్చి ఊరుకున్నాడు. పొద్దున సార్‌ని మెసయీద్‌లో ఫ్యాక్టరీ దగ్గర దింపడం, వెనక్కొచ్చి రెండిళ్ళ పిల్లల్నీ బడికి తీసుకెళ్ళడం, సాయంత్రం మేడంని అల్ ముంతజాలో దర్జీ దగ్గరికి తిప్పడం, ఇంటికి రాగానే బండిని గోడకున్న ఛార్జరుకి తగిలించడం. అదీ అతని డ్యూటీ.

ఒకరోజు పొద్దున బండి పూర్తిగా నిండలేదు. అయిదు వంతుల్లో నాలుగు నిండి ఆగిపోయింది. మర్నాడూ అంతే. అక్కగారి బండి మాత్రం రోజూ నిండు కుండలా ఉంది. ఫోన్లో ఆవిడ ఏమందో గానీ మా మేడం వంటింట్లోకి వచ్చి అతన్ని పిలిచింది.

"రాత్రి బండి తీసుకుని ఎక్కడికి పోతున్నావు?"

"ఎక్కడికి పోలే మేడం."

"మా అక్క బండి నిండుతోంది. నాది నిండట్లేదు. కరెంటు ఏమైంది? తాగావా?"

ఖాళీ దొరికితే యజమాని బండిలో మనుషుల్ని తిప్పి ఫులూస్, అదే డబ్బులు, చేసుకునే డ్రైవర్లు అప్పట్లో ఉన్నారు, కాదనను. ఇతను ఆ రకం కాదు. నాతో చపాతీలు తిని, ఇంటికి ఫోన్ చేసుకుని పడుకునే మనిషి.

మేడం అతని దగ్గరున్న తాళం కార్డు లాక్కుని తన గదిలో పెట్టుకుంది. మంచిదే అయింది, ఇక తేలిపోతుంది అనుకున్నాను. మర్నాడు పొద్దున బండి మళ్ళీ అదే గీత దగ్గర ఆగి ఉంది.

"చూశారా మేడం, కార్డు మీ దగ్గరే ఉంది, బండి కదల్లేదు" అన్నాను.

"అయితే బ్యాటరీ పాడుచేశాడు" అంది.

అదండీ న్యాయం. బండి కదిలితే దొంగ, కదలకపోతే పాడుచేసినవాడు. ఆ పూటకల్లా ఆ వీధిలో ఇళ్ళన్నిటికీ కబురు పాకింది. అక్కగారు తన పిల్లల్ని మా బండి ఎక్కనివ్వలేదు. దొంగ నా గేటు దాటకూడదని చెప్పింది. ఆవిడ డ్రైవర్ ఒక నేపాలీ, గోడ పక్క నిలబడి పళ్ళికిలించాడు. ఏజెన్సీకి ఫోన్ చేసి, ఇతన్ని పంపించెయ్యండి, టికెట్ తియ్యండి అని మేడం చెప్తుంటే నా చెవులారా విన్నాను.

"పోతే పోతనక్కా" అన్నాడు తమ్ముడు. "దొంగ అని పంపిస్తే మాత్రం ఊర్ల మొఖమెట్ల జూపియ్యాలె? ఇంకో కంపెనీ నన్నెట్ల దీస్కుంటది?"

పంపే ముందు, ఇతను ఏం పాడుచేశాడో లెక్క తేల్చుకుందామని మేడం బండిని సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళింది. చంటిపిల్లని ఎత్తుకోవడానికి నేనూ వెళ్ళాను. మేడం అద్దాల గదిలో గహ్వా కాఫీ తాగుతూ కూర్చుంది. తమ్ముడు బయట ఎండలో నిలబడ్డాడు. నేను పిల్లని భుజాన వేసుకుని తిరుగుతుంటే కౌంటర్లో అబ్బాయి ఫోన్లో తెలుగు మాట్లాడుతున్నాడు. మెళ్ళో సన్న గొలుసుకి సిలువ, మాటలో కృష్ణా జిల్లా.

"బాబూ, తెలుగువాళ్ళా?"

"అవునండి. మీదే ఊరండి?"

"నా ఊరు తర్వాత చెప్తాను. మా బండి ఎందుకు నిండట్లేదో అది చెప్పు."

నవ్వాడు. "అదాండీ, ఏం లేదు. కంపెనీవాళ్ళు గాల్లోంచే కొత్త సాఫ్ట్‌వేర్ పంపారు. ఇక్కడ ఎండలు కదా, బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలని కాస్త ముందే ఆగేలా పెట్టారు. పెట్టమంటారా అని మీ మేడం ఫోన్‌కి మెసేజ్ వచ్చే ఉంటుంది. ఆవిడ చదవకుండా ఓకే నొక్కేసి ఉంటారు."

"మరి పక్కింటి బండికి రాలేదే? అదీ ఇదీ కవలలు."

"అందరికీ ఒకేసారి పంపరండి. ముందు కొన్ని బండ్లకి పంపి కొన్నాళ్ళు చూస్తారు. గొడవేం లేదంటే ఇంకొన్నిటికి. అలా దఫదఫాలుగా. అన్నిటికీ ఒక్కసారే పంపి తేడా వచ్చిందనుకోండి, ఉన్న బండ్లన్నీ రోడ్డు మీద పడుకుంటాయి."

"గొడవ లేదని వాళ్ళకెలా తెలుస్తుంది?"

"బండే కొంత చెప్పేస్తుంది. మిగతాది కంప్లైంట్లని బట్టి. మీ దఫాలో మా దగ్గరికి ఒక్కటీ రాలేదండి. బాగానే ఉందని రేపో మాపో రెండో దఫా వదులుతారు."

నేను అయిదో తరగతితో ఆపేసినదాన్ని. అయినా ఆ మాట నాకు సూదిలా దిగింది. కంప్లైంటు ఎలా వస్తుంది? కంపెనీకి పోవాల్సిన తిట్లన్నీ మా వంటింటి గుమ్మం దగ్గరే ఖర్చయిపోయాయి కదా! ఒక మనిషి నెత్తిన పడిపోయాయి, ఇక పైకి పోవడానికి ఏం మిగిలింది? పైన కూర్చున్నవాళ్ళు అంతా ప్రశాంతంగా ఉంది, పంపండి అనుకుంటున్నారు. కొత్త కూర చేస్తే నేనూ ముందు రుచి చూస్తాను, అందులో తప్పు లేదు. కానీ నా నాలుక మీద వేసుకుని చూస్తాను. చెప్పాపెట్టకుండా పక్కవాడి నోట్లో పెట్టి, వాడు అరవలేదు కాబట్టి బాగుంది అనను.

"ఈ మాట మా మేడంకి చెప్పు" అన్నాను.

"అలా చెప్పకూడదండి. మిగతావాళ్ళు మాకెందుకు రాలేదని గోల చేస్తారు. నేను సెట్ చేసేస్తాలెండి, మళ్ళీ నిండుతుంది."

బయటికెళ్ళి, తమ్ముడు చూస్తుండగానే బండి తెర మీద రెండు చోట్ల వేలితో నొక్కాడు, అంతే. తర్వాత అద్దాల గదిలోకి వెళ్ళి, "సరిచేసేశాం మేడం" అన్నాడు. మేడం తలతిప్పి బయట ఎండలో ఉన్న తమ్ముడి వైపు చూసింది. "చెప్పాను కదా, పాడుచేశాడని!" అంది.

ఇక నా వల్ల కాలేదు. నాకొచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. ఉప్పు, ఉల్లిపాయ, వేడి, చల్లన, ఇంట్లో అక్కరకొచ్చే నాలుగు ముక్కలు. దాంతోనే లోపలికెళ్ళి అరిచాను. "డ్రైవర్ మాఫీ హరామీ! కంపెనీ సవ్వీ!" డ్రైవర్ దొంగ కాదు, చేసింది కంపెనీ అని. భుజం మీద పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. ఏడవనీ అనుకున్నాను. కౌంటర్ అబ్బాయి వైపు తిరిగి తెలుగులో అందుకున్నాను.

"నోరు తెరిచి మొత్తం చెప్పు. సరిచేశాం అంటే ఏదో పాడైందనేగా అర్థం? నువ్వు చెప్తే నీ ఉద్యోగం పోదు. చెప్పకపోతే ఆ బయటున్నవాడిది పోతుంది. ఆదివారం ప్రార్థనకి ఏ మొహం పెట్టుకుని వెళ్తావు?"

"ఇక్కడ సెలవు శుక్రవారమండి, ప్రార్థన ఆ రోజే" అన్నాడు గొణుగుతూ.

"ఏ వారమైతే నాకేంటి! చెప్పు!"

చెప్పాడు. మేడం ఫోన్ అడిగి తీసుకుని, ఆవిడ ఓకే నొక్కిన సంగతి కూడా చూపించాడు. మేడం అబాయా సర్దుకుని లేచింది. "ఖలాస్. యల్లా" అంది, అయిపోయింది పదండి అని. దారిలోనే ఏజెన్సీకి ఫోన్ చేసి టికెట్ వద్దంది. ముందు సీట్లో బండి నడుపుతున్న మనిషితో ఒక్క మాట మాట్లాడలేదు.

"మీ అక్కగారికి కూడా చెప్పండి మేడం" అన్నాను.

"చెప్తే నన్ను చూసి నవ్వుతుంది" అంది.

నింద అయితే అందరిళ్ళకీ ఒక్క పూటలో చేరింది. నిజం ఆవిడ నోట్లోనే ఆగిపోయింది. తమ్ముడికి ఆ వీధిలో దొంగ పేరు అలాగే ఉండిపోయింది.

తర్వాతి వారం మా గోడ అవతల కేకలు. రెండో దఫా వచ్చినట్టుంది. అక్కగారి బండీ అదే గీత దగ్గర ఆగింది, ఆవిడ నేపాలీని వాకిట్లో నిలబెట్టి హరామీ, హరామీ అని అరుస్తోంది.

తమ్ముడు మా వాకిట్లో అద్దాలు తుడుస్తూ వింటున్నాడు. "పడనియ్యక్కా. నన్ను జూసి నవ్విండు గదా. గిప్పుడు ఎర్కైతది."

"సిగ్గులేదురా నీకు?" అన్నాను. కంపెనీ మీది కోపం, మేడం మీది కోపం అన్నీ కలిపి అతని మీద పోశాను. "వాడిదీ నీలాంటి కడుపే కదా! ఏం నొక్కాలో తెలిసి కూడా ఇక్కడ నిలబడి వింటావా? వాళ్ళకీ నీకూ తేడా ఏంటి?"

"ఆమె గేటు దాటొద్దన్నదక్కా."

"దాటు."

గుడ్డ నా చేతికిచ్చి వెళ్ళాడు. వెనకే నేను. అక్కగారి కేకలు పట్టించుకోకుండా బండి తలుపు తీసి కూర్చుని తెర మీద వెతకడం మొదలుపెట్టాడు. "దొంగని నా బండిలోకి ఎవరు రానిచ్చారు?" అని ఆవిడ గొంతు పగిలేలా అరిచింది. నేపాలీ అడ్డం వెళ్ళాలా వద్దా తెలీక మధ్యలో నిలబడ్డాడు. ఆ గోలకి మా మేడం గేటు దాకా వచ్చింది. నేను ఆవిడ మొహంలోకే చూశాను, పక్కకి తప్పుకోలేదు.



"వదిలెయ్యి అక్కా" అంది మేడం చివరికి. "అతను దొంగ కాదు. నేనే ఫోన్లో ఓకే నొక్కాను. నువ్వూ నొక్కి ఉంటావు."

అక్కగారు ఫోన్ వైపు చూసుకుంది. తమ్ముడు బండి దిగి, ఏం నొక్కాలో నేపాలీకి హిందీలో చూపించి, మా గేటు వైపు నడిచి వచ్చాడు.