పోలమ్మ వాటా

1936లో ఏలూరు కాలువ గట్టున ఉన్న ఒక అనాథ సత్రంలో నేను మేట్రన్‌ని. మేట్రన్ అంటే పేరు పెద్దదే గానీ, వచ్చినవాళ్ళకి చాప చూపించడం, వంట చేయించడం, వాళ్ళలో వాళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకుంటే విడదీయడం, ఇదీ ఉద్యోగం. ఇల్లూ వాకిలీ లేక మా దగ్గర చేరిన ప్రతి మనిషినీ మేం ‘కేసు’ అనాలి. ఆ మాట నాకు మొదట్నుంచీ గిట్టేది కాదు. కోర్టులో దొంగా కేసే, ఆస్పత్రిలో జ్వరమూ కేసే, మా సత్రంలో ముసలమ్మా కేసే!

సత్రం పెట్టినాయనకి తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు ఉండేది. ధర్మకర్తగారు అనేవాళ్ళం. చెడ్డవాడు కాడు. పోయిన తల్లికి పుణ్యం చేరాలని ఆయన తాపత్రయం. నెలకోసారి వచ్చి స్వయంగా వడ్డించేవారు. ఆ రోజు విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు చేతులు జోడించి “అన్నదాతా సుఖీభవ” అన్నాకే ముద్ద ముట్టాలి. గుమాస్తా అవధానిగారు దేశసేవ అనుకుని వచ్చారు. ఇక నేనంటారా? మొగుడు పోయాక అన్నగారింట్లో వదిన మొహం చూస్తూ ముద్ద మింగలేక వచ్చాను. ఇక్కడ జీతంతోపాటు నాకో గది ఇచ్చారు. లోపల్నుంచి గడియ పెట్టుకోగలిగిన గది. అందుకే ఎవరైనా నన్ను త్యాగమూర్తి అంటే నవ్వొచ్చేది.

ఆ ఏడు వానలకి కొల్లేరు పొంగి లంకల్లో గుడిసెలు కొట్టుకుపోయాయి. చేపలు పట్టేవాళ్ళు తలో దిక్కూ చెదిరిపోయారు. పోలమ్మ అనే ఒంటరి ముసలావిణ్ణి పడవవాళ్ళు తెచ్చి మా గుమ్మంలో దించారు. విస్తరి వేస్తే చెయ్యి పెట్టలేదు.

“ఏం మామ్మా, కూర నచ్చలేదా?” అన్నాను.

“అది కాదండమ్మగారూ. ఇదెవరి వాటా అండీ?”

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. వాళ్ళ లంకలో వల లాగి చేపలు పంచుకునేటప్పుడు, మొగుణ్ణి కొల్లేటికి పోగొట్టుకున్న ఆడదానికీ, వల లాగలేని ముసలివాళ్ళకీ కూడా వాటా తీస్తారట. అది ఒకరు పెట్టేది కాదు, వాళ్ళదే. తీసుకున్నవాళ్ళు దండం పెట్టరు, ఇచ్చినవాళ్ళు పెట్టించుకోరు.

“అడుక్కు తినడం మా ఇంటా వంటా లేదండి,” అంది.

“అయితే పస్తుంటావా?”

“ఒక్క మాటండి, కోప్పడకండి. మీరెందుకు పెడతన్నారండి మాకు?”

అవధానిగారైతే ఉపన్యాసమే ఇచ్చేవారు. నాకు ఒళ్ళు మండింది. “ఎందుకేమిటి? జీతమిస్తారు, ఉండటానికి గదిచ్చారు. అందుకే పెడుతున్నాను!” అనేశాను.

పోలమ్మ మొహం విప్పారింది. “అలాగా అండి! మరా మాట ముందే చెప్పొచ్చుగా. మాబోటోళ్ళం లేకపోతే మీకా గదే లేదు. అయితే ఇందులో నా వాటా ఉందండి,” అని విస్తరి దగ్గరికి లాక్కుంది.

గదిలోకి పోయి గడియ పెట్టుకుని ఏడ్చాను. అన్నగారింట్లో అన్నేళ్ళు తిన్నాను గదా, ఆ అన్నంలో నాకూ వాటా ఉందని ఒక్కరంటే ఒక్కరు అనలేదు.

పోలమ్మ ఊరికే కూర్చునే రకం కాదు. తుంగ కోయించుకుని చాపలల్లేది, పిల్లల తల్లుల్ని కూడా అల్లడానికి కూర్చోబెట్టేది. ఇంతలో ధర్మకర్తగారు వడ్డించే రోజు వచ్చింది. అందరూ చేతులు జోడించి “సుఖీభవ” అంటూంటే ఆవిడ శుభ్రంగా పప్పు కలుపుకుని తింటోంది.

ధర్మకర్తగారి మొహం కందగడ్డయింది. నావైపు తిరిగారు. “ఏవండీ సుందరమ్మగారూ, ఈవిడకింత పొగరేమిటండీ? మా అమ్మ పేరు మీద పెట్టే అన్నమిది. దండం పెట్టనివాళ్ళకి ఇక్కడ చోటు లేదు. పంపించెయ్యండి.”

బయట వాన దంచుతోంది. లంకలో ఆవిడ గుడిసె ఉన్నచోట ఇంకా నీళ్ళే. ఈ వయసులో గట్టు మీద పడుంటే బతుకుతుందా? నోరు మూసుకుంటే నా గది నాకుంటుంది. కానీ మూసుకోలేకపోయాను.

“పంపిస్తానండి. ఒక్కటి చెప్పండి. అమ్మగారు అన్నం పెట్టినప్పుడు తమరు దండం పెట్టే తినేవారా అండీ?”

ఆయన గరిటె కిందికి దించారు. “అమ్మకి దండమేమిటమ్మా,” అన్నారు.

“మరి ఇదీ అమ్మగారు పెట్టే అన్నమే కదండీ.”

ఇక నా ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని పోలమ్మ ముందు వంగారు. “ఇంకాస్త పప్పు వెయ్యనా?”

“వెయ్యండి బాబూ. ఉప్పు కొంచెం తగ్గిందండి,” అంది మహాతల్లి.

ఆ తర్వాతి నెల ఆయన వడ్డిస్తూ, “తినండి, తినండి, చల్లారిపోతుంది,” అన్నారు. సుఖీభవ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నీళ్ళు తీశాక లంకవాళ్ళు మళ్ళీ గుడిసెలు వేసుకుని పోలమ్మని తీసుకుపోయారు. “వెళ్ళొస్తానండమ్మగారూ,” అంది, అంతే.

ఆ పనిలో నేను చాలాకాలం ఉన్నాను. కొత్తగా చేరినవాళ్ళు పుణ్యం కోసమన్నా, దేశం కోసమన్నా కాదనేదాన్ని కాదు. ఎందుకొచ్చినా సరే, ఆ కారణాన్ని మాత్రం తినేవాడి విస్తట్లో వడ్డించకండి అనేదాన్ని. జీతం కోసమని సిగ్గుపడుతూ చెప్పినవాళ్ళంటే నాకు ముద్దు.

పోలమ్మ వెళ్ళిన మరుసటి వేసవిలో ఒక పడవతను తడిబుట్ట తెచ్చి గుమ్మంలో పెట్టాడు. ఆకులు తీస్తే కొర్రమీనులు, ఇంకా కదులుతున్నాయి. “పోలమ్మ మామ్మ పంపిందండి. వల లాగామండి. ఇది మీ వాటా అని చెప్పమంది.”

నీచు వాసన కూడా ఎరగని దాన్ని నేను! అవధానిగారు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని, “తిప్పి పంపెయ్యండమ్మా,” అన్నారు. నేను ఆ బుట్టని రెండు చేతులా అందుకున్నాను. పెరట్లో వేరే పొయ్యి పెట్టించి, సత్రంలో తినేవాళ్ళందరికీ పులుసు కాయించాను.

ఆ పడవతనికి దండం పెట్టలేదు. మహా సంతోషమనీ అనలేదు.

“నా వాటా నాకు అందిందని చెప్పు నాయనా,” అన్నాను.