పాట ఆపినా ఆగని బాస్

నిన్నటి నుంచి కనబడిన వాళ్లందరికీ థాంక్స్ చెప్పుకుంటూ తిరుగుతున్నానండీ. ఆ వరసలో ఒక చేప కూడా ఉంది. ఎందుకో వినండి.

కథ ఏలూరులో, కారు స్పీకర్లు అమ్మే షాపులో మొదలైంది. మా అన్నయ్య ఈమధ్యే సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. డిక్కీలో సబ్‌వూఫర్ అనే పెద్ద స్పీకరు పెట్టించాలని ముచ్చట. దాని బాక్సులు రెండు రకాలట. ఒకటి సీల్డ్. అన్ని వైపులా మూసేసిన పెట్టె. బాస్, అదే ఆ లోతు మోత, కాస్త తక్కువే గానీ శుభ్రంగా వినబడుతుంది. రెండోది పోర్టెడ్. గాలి ఆడటానికి ఓ పక్క అరచెయ్యి పట్టేంత కన్నం ఉంటుంది. బాస్ గుండెల్లో మోగుతుంది.

అన్నయ్యకి సీల్డ్ కావాలి. పాత పాటలు మెత్తగా పెట్టుకుని వినే మనిషి. నాదేమో కాలేజీ డిబేట్లలో అరిగి పదునెక్కిన నోరు. ఊరుకుంటుందా? గాలే ఆడని చోట స్వరం ఎలా పుడుతుందన్నాను. మూసిన పెట్టె నిరంకుశత్వం, తెరిచిన పెట్టె ప్రజాస్వామ్యం అన్నాను. షాపాయన చేతిలో పని ఆపేసి మరీ విన్నాడు. చివరికి అన్నయ్య "సరేనే తల్లీ" అని నాకో దణ్ణం పెట్టి, కన్నం ఉన్నదే బిగించమన్నాడు.

ఇక్కడ అమ్మ సంగతి చెప్పాలి. అమ్మకి గర్భసంచి ఆపరేషన్ అయింది. తాడేపల్లిగూడెంలో మా ఇంటికి తీసుకొచ్చేశాం. అన్నీ తినొచ్చని డాక్టరుగారు చెప్పారు. కానీ ఏం పెట్టినా నాలుగు మెతుకులు కతికి, నోరు చేదుగా ఉందని పళ్లెం పక్కకి జరిపేసేది. మనిషి రోజురోజుకీ మంచానికి అతుక్కుపోతోంది. ఊరందరి మీదా గెలిచే నేను ఆ పళ్లెం దగ్గర మాత్రం పూటపూటా ఓడిపోతున్నాను. అలాంటిది నిన్న పొద్దున్న తనంతట తనే, "కొల్లేటి కొర్రమీను పులుసైతే ఓ ముద్ద దిగుతుందేమోనే" అంది.

అంతే, కారు తీశాం.

కొల్లేటికోటలో వెంకన్న మావయ్య ఉన్నాడు. అమ్మ పుట్టిల్లు ఉండి అనే ఊరు. అక్కడ మా తాతయ్యగారి చెరువుల్లో తను చేపలు పట్టే రోజుల నుంచీ ఆయనకి అమ్మంటే అభిమానం. అమ్మ అడిగిందని చెప్పగానే, మోచేతి పొడుగు కొర్రమీనుని పట్టి, బకెట్లో కాసిని నీళ్లు పోసి వేశాడు. కొర్రమీనుని మా వైపు ప్రాణంతోనే ఇంటికి చేర్చాలి. దారిలో చచ్చిపోతే రుచి పోయిందని పొయ్యి దగ్గరికే రానివ్వరు. పైగా అది మధ్యమధ్య పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. అందుకని మూత బిగించొద్దమ్మా, గుడ్డ వదులుగా కట్టు అన్నాడు మావయ్య. వదులుగానే కట్టాను. మరీ వదులుగా. బకెట్‌ని డిక్కీలో సబ్‌వూఫర్ పక్కనే పెట్టాను.

దారి పొడుగునా పాటలే పాటలు. ఆకివీడు దగ్గర రైలు గేటు పడింది. అన్నయ్యకి ఫోనొస్తే పాట ఆపాను. మాట్లాడటం అయ్యాక అన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు.

"పాట ఆపేశావు కదే. మరి ఆ చప్పుడేంటి?"

డిక్కీలోంచి ధబ్, ధబ్ అని వస్తోంది.

నాకు తెలియదని అనొచ్చు కదా. ఆ మాట నా నోటికి అలవాటు లేదు. "పోర్టెడ్ బాక్సు గొప్పతనమే అది. లోపల మిగిలిన గాలి ఇంకా కదులుతోంది" అన్నాను.

"తాళం తప్పుతోందే."

"కొత్త బాక్సు కదా, సర్దుకుంటోంది."

నిజమే అయ్యుంటుందన్నాడు పాపం. పక్కన స్కూటర్ మీద ఓ పెద్దాయన మా డిక్కీ వైపే చూస్తున్నారు. అద్దం దించి, బాస్ బాగుందా అండీ అని అడిగాను కూడా. బాగుందమ్మా అన్నారాయన.

ఇంటికొచ్చి డిక్కీ తీస్తే బకెట్ ఒరిగి ఉంది. గుడ్డ ఓ మూల, నీళ్లు ఓ మూల. చేప లేదు. లోపల్నుంచి అమ్మ, చింతపండు నానబెట్టించానని చెబుతోంది. ఇన్నాళ్లకి నోరు తెరిచి అడిగిన ఒక్క ముద్ద, నా మూలంగా పోయిందనుకున్నాను.

అప్పుడు మళ్లీ ధబ్ మంది.

అన్నయ్య కారు తాళం పైకెత్తి నాకు చూపించాడు. ఇంజన్ లేదు, పాట లేదు, బాక్సు మాత్రం మోగుతోంది.

ఈలోపు గోడ పట్టుకుని అమ్మే బయటికొచ్చింది. సంగతంతా విని, "చీకటి కన్నం కనబడితే కొర్రమీను ఊరుకుంటుందా? చెరువుగట్టు బొరియ అనుకుని దూరిపోయుంటుంది" అంది.

షాపులో నేనన్న మాటలన్నీ అన్నయ్య తిరిగి అప్పజెప్పొచ్చు. స్క్రూడ్రైవర్ తెమ్మన్నాడంతే. వూఫర్ విప్పి, లోపలికి చెయ్యి పెట్టి, తడి తువ్వాల్లో చుట్టి బయటికి తీశాడు. ప్రాణంతోనే ఉంది. మోత మెత్తబడటానికి పెట్టె లోపల కుక్కిన తెల్లటి దూది ఒళ్లంతా అంటుకుని, తలకి శాలువా కప్పుకున్న ముసలాయనలా నా వంక చూస్తోంది.

"ఇదిగోనే, నీ మిగిలిన గాలి" అన్నాడు అన్నయ్య.

అమ్మకి నవ్వొచ్చింది. పొట్ట గట్టిగా పట్టుకుని, "నవ్వించకండర్రా, కుట్లు లాగుతున్నాయి" అంటూనే నవ్వుతోంది. ఆపరేషన్ అయ్యాక ఆవిడ నవ్వు వినడం అదే మొదలు. నేనూ నవ్వుతూ నవ్వుతూ కాస్త ఏడ్చాను. చూసినవాళ్లు ఎవరూ పైకి అనలేదు, వాళ్లకీ థాంక్స్.

మధ్యాహ్నం పులుసన్నం కలిపి పెట్టాను. ఓ ముద్ద చాలన్న మనిషి పళ్లెం ఖాళీ చేసి, తలకాయ ముక్క ఎవరికి దాచావే అని అడిగింది. మావయ్యకి ఫోన్ చేసి ఆ మాట చెబితే, ఈసారి రెండు పట్టి ఉంచుతానన్నాడు.

సాయంత్రం అన్నయ్య మెల్లగా, ఇప్పటికైనా సీల్డ్ పెట్టిద్దామా అన్నాడు. ఆ కన్నమే లేకపోతే అమ్మ నవ్వేదా అని లేచాను. అన్నయ్య వినకుండా బాక్సు తీసుకెళ్లి, వాసన పోతుందని అరుగు మీద ఆరబెట్టాడు.

ఇవాళ పొద్దున్న చూస్తే మా వీధి పిల్లులన్నీ దాని చుట్టూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఇన్ని డిబేట్లు చేశాను గానీ, ఇంత ఏకగ్రీవమైన మద్దతు నాకెప్పుడూ దొరకలేదండీ.