వేరు వంపులో విరిగిన ఫైలు

కొండాపూర్ దగ్గర మధ్యాహ్నం సద్ది విప్పి జొన్నరొట్టె కొరికాను. కుడివైపు కింది దవడ పన్ను పైకి లేచినట్టు అనిపించింది. అప్పుడు హైటెక్ సిటీ మొదటి భవనాలు లేస్తున్నాయి. పునాదుల కోసం బండకు మిషన్‌తో రంధ్రాలు వేయడం నా పని. ఆ పన్నుకు రెండేళ్ల కిందటే నల్లగొండలో రూట్ కెనాల్ అయింది. నరం తీసేసిన పన్ను మళ్లీ ఎలా నొప్పి పెడుతుంది? నాకు అర్థం కాలేదు.

మూడో రోజుకు చెంప ఉబ్బింది. సైటు దగ్గరి డాక్టరు పీకేద్దామన్నారు. ఆ వైపు రెండు పళ్లు అప్పటికే పోయాయి. ఇదీ పోతే నమలడానికి ఏమీ మిగలదు.

"పీకుడు రేపైనా అయితది. ఇంకొకలకు జర చూపెడదాం" అని నా భార్య లక్ష్మమ్మ చందానగర్‌లో కొత్తగా పెట్టిన పళ్ల దవాఖానకు తీసుకెళ్లింది.

అక్కడి డాక్టరమ్మది గుంటూరు వైపు. ఎక్స్-రేను వెలుతురుకు పట్టి చూపించారు. వేరు చివర నల్లటి మచ్చ.

"పాత ఫిల్లింగు చివరిదాకా వెళ్లలేదండి. అక్కడ ఇన్ఫెక్షన్ చేరింది. పాతదంతా తీసి మళ్లీ చేయాలి. రీట్రీట్‌మెంట్ అంటాం."

"దేంతోని తీస్తరు మేడం?"

ఆమె నవ్వి, వేరు లోపల గీకడానికి చేత్తో తిప్పే సన్నటి స్టీలు ఫైళ్లు చూపించారు. తర్వాత మిషన్‌కు తగిలించే రోటరీ ఫైలు, వాడేసినది ఒకటి, నా చేతికిచ్చారు. వంచి వదిలితే దానంతట అదే నిటారైంది. అలాంటి లోహం నేనెన్నడూ చూడలేదు. నొప్పి మరిచి మళ్లీ మళ్లీ వంచాను.

మొదటి సిట్టింగులో రోటరీ ఫైలు పాత ఫిల్లింగును గులాబీ రంగు పోగుల్లా బయటికి లాగింది. పని తొందరగానే సాగింది. రెండో సిట్టింగులో మిషన్ చప్పుడు మారింది. ఆమె ఆపేసి ఎక్స్-రే తీశారు.

"ఫైలు కొన విరిగి వేరు వంపులో ఉండిపోయిందండి. మీ దగ్గర దాచను."

ఆ ఇబ్బంది నాకు తెలిసినదే.

"బండల రాడ్ ఇరుకుతె మేము మిషన్ బంద్ చేస్తం మేడం. చేత్తోని మెల్లగ కదిలిస్తం. జోరు చేస్తె ఇంకా బిగుస్తది."

"నేనూ చేత్తోనే చేస్తానండి. ముక్క పక్కనుంచి దారి దొరికితే పన్ను ఉంటుంది. లేకపోతే తీసేయాల్సిందే."

ఇంకో మూడు సిట్టింగులు పట్టాయి. అన్నిటికంటే సన్నని ఫైలును మందులో తడిపి, కొంచెం తిప్పి, బయటికి తీసి, తుడిచి, మళ్లీ పెట్టేవారు. ఆ మూడో సిట్టింగులో ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"దిగిందండి" అన్నారు.

ఎక్స్-రేలో సన్న ఫైలు, విరిగిన ముక్కను దాటి వేరు చివరిదాకా వెళ్లింది. లోపల మందు పెట్టి, వాపు పూర్తిగా పోయాక ఫిల్లింగు చేసి, క్యాప్ వేశారు.

"ఇంతకు చెయ్యా, మిషనా, రెండిట్ల ఏది మంచిది మేడం?" అని ఆఖరి రోజు అడిగాను.

"పాతది తీయడానికి మిషన్ తొందరండి. వంపులో ఫైలు ఎంత బిగుసుకుందో మాత్రం చేతివేళ్లకు బాగా తెలుస్తుంది. దేనితో చేసినా వేరు లోపలి గోడలకు పాత ఫిల్లింగు కొంచెం మిగులుతుంది. మొత్తం పోయిందని మాత్రం చెప్పలేను."

ఇప్పటికి ఏడాదిన్నర. మచ్చ చాలావరకు తగ్గింది. విరిగిన ముక్క లోపలే ఉంది, దాని పక్కనే ఫిల్లింగు ఉంది, నేను ఆ వైపే నములుతున్నాను. రీట్రీట్‌మెంట్‌కు వెళ్లేవారికి ఒక్కటే చెబుతాను. కుర్చీలో కూర్చోకముందే, ఫైలు లోపల విరిగితే ఏం చేస్తారని అడగండి. విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరు ముందే నోరు తెరవండి.