మిషన్లు వేడెక్కేలోపు

పోయిన వారం మా కుక్కర్‌కి కొత్త గ్యాస్కెట్ కొన్నాం. మా కోడలు ప్యాకెట్ చించి మూతకు తగిలించబోతుంటే "ఇట్లా ఇయ్యి" అని లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. "అత్తా, అది తినేది కాదు" అని నవ్వింది. నవ్వదా మరి! మనవరాలున్న మనిషి వంటింట్లో నిలబడి రబ్బరు వాసన పీలుస్తోంది. కొందరికి మల్లెపూల వాసనకు పుట్టిల్లు గుర్తొస్తుంది. నాకు కాలీకాలని రబ్బరు వాసనకు గుర్తొస్తుంది. పుట్టిల్లు గుర్తొస్తే మా వదిన గుర్తొస్తుంది, వదిన గుర్తొస్తే కడుపులో పాత మంట భగ్గుమంటుంది. ఇన్నేళ్లయినా అది ఆరలేదని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

మా నాయనకు నంద్యాలలో ఇంటి వెనకాలే చిన్న రబ్బరు షెడ్డు ఉండేది. ట్రాక్టర్లలో ఇనుము ఇనుముతో రాసుకోకుండా తొడిగే బుష్షులు, నీళ్ల మోటార్ల కింద అదురు తెలియకుండా పెట్టే గుండ్రటి రబ్బరు బిళ్లలు చేసేవాళ్లు. మా వాళ్లంతా తాతల నాటి నుంచి బియ్యం, నూనె, బట్టల అంగళ్లు పెట్టుకున్నవాళ్లు. వాళ్లలో మా నాయన ఒక్కడే ఇనుప మిషన్లు కొని అందరిచేతా పిచ్చివాడనిపించుకున్నాడు. ఆ మిషన్లకు పొద్దున్నే స్విచ్చి వేసి వెంటనే పని మొదలుపెట్టడానికి లేదు. పైన ఒక ఇనుప పలక, కింద ఒక పలక, మధ్యలో అచ్చు. పలకలు వేడెక్కి, ఆ వేడి అచ్చు లోపలి దాకా దిగాలి. తొందరపడి రబ్బరు పెడితే అంచులు ఉడికి నడుమ పచ్చిగా ఉండిపోతుంది. అందుకని పనివాళ్లు రాకముందే ఎవరో ఒకరు పోయి స్విచ్చిలు వేసి కాచుకోవాలి. మూలనున్న పాత మిషను అన్నిటికంటే బద్ధకస్తురాలు. "ముసల్దాన్ని ముందు లేపల్ల పాపా, అది కాళ్లూ చేతులూ కూడదీసుకునేతలికి పొద్దెక్కుతాది" అనేవాడు నాయన. వేడి చూపించే మీటరు ఉన్నా దాన్ని నమ్మేవాడు కాదు. దోసె పెనం మీద చల్లినట్టు పలక మీద కాసిని నీళ్లు చల్లి, అవి చుయ్యిమనే తీరును బట్టి అయిందీ కానిదీ చెప్పేవాడు. ఆ నీళ్ల చెంబు పట్టుకునేది నేను. మొదట వచ్చిన ముక్కను గోటితో నొక్కి, పంటితో కొరికి చూసి నాకిచ్చేవాడు. నేనూ కొరికి, అంతా తెలిసినదానిలా తలాడించేదాన్ని.

అసలు సంగతి అది కాదు. మిషన్లు వేడెక్కేలోపు చేసే పనేమీ ఉండదు, రబ్బరు బస్తాల మీద కూర్చోవడమే. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా నోరు విప్పని మా నాయన అక్కడ మాట్లాడేవాడు. చిన్నప్పుడు ప్యాపిలి నుంచి డోన్ దాకా వేరుశనగ బస్తాల బండి మీద పడుకుని పోయిన సంగతి, డోన్‌లో మొదటిసారి రైలింజను చూసి జ్వరం తెచ్చుకున్న సంగతి. అన్నకు పొద్దున లేవడం చేతకాదు, అమ్మకు ఆ వాసన పడదు. కాబట్టి ఆ పూట మొత్తం నాదే. ఆయన నోట్లోంచి వచ్చే మాటలన్నీ నా సొత్తే అనుకునేదాన్ని.

తర్వాత మా ఇంట్లో కుండమార్పిడి పెళ్లిళ్లు జరిగాయి. నన్ను ఆళ్లగడ్డకు ఇచ్చి, మా ఆయన చెల్లెల్ని మా అన్నకు చేసుకున్నారు. ఆమెకు నేను అన్న భార్యను, నాకు ఆమె అన్న భార్య, అందుకని ఇద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకున్నాం. ఆళ్లగడ్డలో కళ్లు తెరిస్తే శిల్పుల ఉలి చప్పుడు, ముగ్గేద్దామని పోతే వాకిట్లో రాతి పొడి. మా మామకు బజార్లో బట్టల అంగడి ఉండేది. అంగడికి పోయే ముందు అరుగు మీద కాఫీ తాగుతూ నాకు ఏవేవో చెప్పేవాడు, నేను ఊఁ కొట్టేదాన్ని. మనసు మాత్రం నంద్యాలలో ఉండేది. ముసలి మిషను ఈపాటికి వేడెక్కిందో లేదో, నాయన పక్కన చెంబు ఎవరు పట్టుకున్నారో!

ఎవరు పట్టుకున్నారో మొదటిసారి పుట్టింటికి పోయినప్పుడు తెలిసింది. తెల్లారీ తెల్లారకముందే లేచి, జడైనా వేసుకోకుండా షెడ్డుకు పరిగెత్తాను. నా బస్తా మీద మా వదిన కూర్చుని ఉంది. చేతిలో నా చెంబు. నాయన రైలింజను కథ చెబుతుంటే కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అన్న సరుకేసుకుని ఊళ్లు తిరుగుతాడు గనక పొద్దుటి పని ఆమె మీద పడిందట. పడిందో, తనే పట్టుకుందో! "రా వదినా, కూచో. టీ తాగుతావా?" అంది. నా ఇంట్లో, నా నాయన పక్కన, నన్ను కూర్చోమని ఆమె మర్యాద చేస్తోంది. అంతకంటే ఒక చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. పైగా ఆ కథలో నేనెప్పుడూ వినని ముక్క ఒకటి నా చెవిన పడింది. జ్వరం వచ్చింది ఇంజనుకు భయపడి కాదట, అది మళ్లీ వస్తుందేమోనని ఎండలో కూర్చున్నందుకట. నాతో భయమని చెప్పి ఆమెతో నిజం చెప్పాడా? టీ తాగకుండానే వెనక్కి వచ్చేశాను.

ఆ ఏడు ఆయుధ పూజకు మళ్లీ పోయాను. భక్తి కొంత, ఆమె ఏదైనా తప్పు చేస్తే కళ్లారా చూడాలన్న ఆశ కొంత. ఆశ వమ్ము కాలేదు. పూజ నాడు మిషన్లను వేడి పెట్టరు. తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొడతారు. మా ఇంట్లో బొట్లు పైన ఇనుప చట్రానికే పెట్టేవాళ్లు. మా వదిన ఆ రోజు ప్రతి ఉలికీ ప్రతి సుత్తికీ బొట్టు పెట్టే ఊరి నుంచి వచ్చింది. అసలు పని చేసే అచ్చును వదిలేయడమేమిటని ఆమెకు అనిపించింది. పెద్ద మిషను అచ్చు తెరిచి, ఒక్కో గుంటలో శ్రద్ధగా తడి కుంకుమ బొట్టు పెట్టి మూసేసింది. మర్నాడు పొద్దున ఆ సంగతి మరిచి అట్లాగే స్విచ్చి వేసింది. కుంకుమ ఎండి అచ్చుకు అంటుకుంది. మొదటి విడత బిళ్లలు బయటికి వచ్చాయి. నల్లటి బిళ్లలు, ఒక్కోదాని నడుమ ఒక్కో ఎర్రటి బొట్టు.

పనివాళ్లు నోళ్లు తెరిచారు. అచ్చంతా విప్పి గీకాలి, ఆ పూటకు ఆ మిషను ఆగినట్టే. నేను గుమ్మం దగ్గర నిలబడి కాచుకున్నాను. పెళ్లికి ముందు ఒకసారి అచ్చు మీద నా చేతిలోని పల్లీల పొట్టు రాలిందని, నాయన పనివాళ్ల ముందే నన్ను ఏడిపించేదాకా తిట్టాడు. ఇప్పుడు ఆమె వంతు వచ్చిందని నాకు పట్టరాని సంతోషం. నాయన ఒక బిళ్ల తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏందీ తల్లీ, అన్నీ పేరంటానికి పోతాండాయా?" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు. ఆయన అట్లా నవ్వడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పనివాళ్లు నవ్వారు. వదిన ఏడుస్తూనే నవ్వింది. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. "ఏందే, ఆ గిన్నె ఏం పాపం చేసింది?" అంది అమ్మ.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగేశాను. "అదే నేను చేసింటే ఊరికే ఉంటాంటివా నాయనా?"

"యాడుంటా? చెవులు పిండుతాంటి" అన్నాడు అన్నం కలుపుతూ. "ఆ పిల్ల వాళ్ల నాయన్ను ఇడిసిపెట్టి వచ్చినాది కదమ్మా."

మరి నేను? నేను మా నాయన్ను విడిచిపెట్టి పోలేదా? ఆ మాట అనబోయాను. ఇంతలో ఆయన మజ్జిగ అడిగాడు, పోశాను.

నాయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడా షెడ్డులో మా మేనల్లుడు కొత్త మిషన్లు పెట్టాడు. అవి టైమరు ప్రకారం వాటంతట అవే వేడెక్కుతాయి, ఎవరూ పోయి కాచుకోనక్కర్లేదు. ఈ మధ్యే మా మామ సంవత్సరీకానికి వదిన ఆళ్లగడ్డ వచ్చింది. పొద్దున్నే ఇద్దరం కాఫీలు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాం. ఇన్నేళ్లూ అడగనిది ఆ రోజు ఎందుకో అడిగాను. "మా నాయన నీతో అంతసేపు ఏం చెప్తాండె వదినా?"

ఆమె గ్లాసులోకి చూసుకుంది. "ఏముంటాయి వదినా, మిషన్ల మాటలే" అంది. అరుగు మీద చెయ్యి ఆనించి, "మా నాయన ఈడ కూచోని నీతో శానాసేపు మాట్లాడ్తాండెనంట గదా. నాతో ఎప్పుడూ రెండు మాటలకు మించి మాట్లాడలే. ఏం చెప్తాండె?" అని అడిగింది. ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

నా దగ్గర చాలా ఉన్నాయి. ఆమె పుట్టినప్పుడు మామ అంగడి తలుపులు వేయడం మరిచి ఇంటికి పరిగెత్తిన సంగతి ఉంది. ఆమెను నంద్యాల బస్సెక్కించి వచ్చి, అంగట్లో బట్టల తానుల వెనక కూర్చుని ఏడ్చిన సంగతి ఉంది. "ఏముంటాయి వదినా, అంగడి మాటలే" అన్నాను. ఆమె తలాడించింది. నమ్మలేదని నాకు తెలుసు, నేను కూడా ఆమెను నమ్మలేదు. కాలం ఇద్దరు నాయనలనూ తీసుకుపోయి, మా నాయన మాటలు ఆమెకూ, ఆమె నాయన మాటలు నాకూ విడిచింది. రేపు మేమూ పోతే అవి ఎవరికీ ఉండవని తెలిసి కూడా, ఇద్దరం ఎవరి దగ్గరున్నవి వాళ్లు దాచుకుని, కాఫీలు చల్లారేదాకా అట్లాగే కూర్చున్నాం.